లోపలి పని

బజారులో అందరూ నన్ను ఆంటీ అంటారు. నాకంటే ముసలివాళ్లు కూడా అంటారు, సిగ్గులేక. ఆ కొరియరు కుర్రాడొక్కడే కొట్టుకి వచ్చిన మొదటిరోజే "అత్తయ్యా" అన్నాడు. వీడికి నేను ఏ వరసన అత్తయ్యని? నా అనుమానం అక్కడ మొదలైంది.

మాది హెల్మెట్ల కొట్టు. అమ్మకం, రిపేరు నావి. రంగులు వేసేది నా మేనల్లుడు. మంచి పనితనం ఉన్న చెయ్యి వాడిది. మా తమ్ముడు వీణ్ణి నా గుమ్మంలో దింపి, "వీడితో నావల్ల కాదక్కా, నువ్వే ఉంచుకో" అని చక్కా పోయాడు. ఏం చేశాడురా అంటే నోరు విప్పలేదు. నాకు పిల్లల్లేరు. వచ్చినవాణ్ణి కొడుకనుకున్నాను. అయినా నా బుద్ధి నాది. ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీసి ఉంటే, ఉన్న ఇద్దరిలో ఎవరు తీశారని నిలదీసే రకం నేను.

ఈమధ్య వింత బేరాలు తగలడం మొదలైంది. పొట్టి జుట్టు నర్సు, ఆవిడ వెంట ఎప్పుడూ ఉండే లెక్కల టీచరమ్మ, గోళ్లకి రంగేసుకునే బస్సు డ్రైవరు. నన్ను చూడగానే గొంతు తగ్గించి, "లోపలి పని ఉందండీ" అంటారు. మావాడు హెల్మెట్ అందుకుని వెనకగదిలో దూరి గడియ పెట్టుకుంటాడు. బయటికొచ్చాక చూస్తే హెల్మెట్ ఎప్పటిలాగే ఉంటుంది, కొత్త గీతయినా ఉండదు. వాళ్లు మాత్రం లోపల చెయ్యి పెట్టి తడిమి, కళ్లు తుడుచుకుని పోతారు.

"లోపలి పని అంటే ఏంట్రా?"

"లైనింగ్ మార్చడం అత్తా."

"లైనింగ్ మారిస్తే ఏడుస్తారా ఎవరైనా?"

"బాగా కుదిరితే ఏడుస్తారు" అని నవ్వి తప్పించుకున్నాడు.

పక్క కొట్టు సీటు కవర్లాయన నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. "నిప్పు లేందే పొగ రాదమ్మా. మత్తుమందయినా అయ్యుండాలి, తాయెత్తులైనా అయ్యుండాలి. హెల్మెట్లో పెడితే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. ఆయన్ని కసిరి పంపాను గానీ, ఆ మాట చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం మేనల్లుడు రంగులు కొనడానికి వెళ్లాడు. వెనకగది బల్ల మీద కొరియరు కుర్రాడి నల్ల హెల్మెట్ ఉంది, పని పూర్తయి. ఈసారి గడియ నేను పెట్టుకున్నాను. లైనింగ్ గుండీలు టకటకా ఊడదీశాను.

పొట్లం లేదు, తాయెత్తు లేదు. తెల్లటి థర్మాకోల్ మీద బొమ్మ ఉంది. ఒకే బండి మీద ఇద్దరు మగపిల్లలు. వెనకవాడు ముందువాడి నడుం చుట్టూ చేతులేసి, భుజం మీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. వాడి ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. ఆ కనుబొమ్మ నాకు తెలుసు. చిన్నప్పుడు మా మెట్ల మీద పడితే రక్తం తుడిచింది నేనే. ముందువాడు కొరియరు కుర్రాడు. ఇద్దరి చుట్టూ వలయంగా చిన్న చిన్న కళ్లు, అన్నీ తెరుచుకుని కాపలా కాస్తున్నాయి. కింద రాత: క్షేమంగా వెళ్లి నా దగ్గరికి రా.

లారీల వెనక రాసే మాటని ఎలా తిప్పాడో చూడు వెధవ, అనుకున్నాను. నవ్వు రాబోయింది. అంతలోనే అత్తయ్య అన్న వరస ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. తమ్ముడు నోరెందుకు విప్పలేదో, ఆ నర్సూ టీచరమ్మా ఎందుకు కళ్లు తుడుచుకున్నారో అన్నీ అర్థమయ్యాయి. అసహ్యం కాదు, ఒట్టు. భయం. వెనకవీధిలో ఇలాంటి పిల్లాణ్ణే పట్టుకుని పళ్లు రాలగొట్టారు. చూసినవాళ్లు తలుపులేసుకున్నారు. ఈ హెల్మెట్ ఎవడైనా లాక్కుని తిరగేస్తే? నా పిల్లాడి మొహం వాళ్లకి బొమ్మగీసి ఇచ్చినట్టే కదా!

చెరిపెయ్యాలి. గుడ్డ తీశాను, సీసా వంచాను, రుద్దాను. హెల్మెట్ మీద రంగు ఒలికితే ఏళ్ల తరబడి చేస్తున్న పనే, ఆలోచించకుండా చెయ్యి చేసేసింది. సీసాలో ఉన్నది థిన్నరు. పైపెంకుకి దానివల్ల ఏమీ కాదు. థర్మాకోల్‌ని మాత్రం తినేస్తుంది. మా పనిలో ఉన్నవాళ్లని నిద్రలో లేపి అడిగినా ఈ సంగతి చెబుతారు. అందుకే మావాడు లోపల నీళ్లరంగులు వాడాడు. నేను చూస్తుండగానే బొమ్మ ఉన్న చోటు నీళ్లలో పడ్డ పంచదారలా కరిగి కుంగిపోయింది, సరిగ్గా నడినెత్తి దగ్గర. దెబ్బ తగిలితే దాన్ని మింగాల్సింది ఆ థర్మాకోలే. అది లేకపోతే తల మీద మూకుడు బోర్లించుకున్నట్టే.

"అత్తయ్యా! నాది అయిపోయిందా?"

తలుపవతల కొరియరు కుర్రాడు. నా బుర్ర పనిచేయలేదు, చేతులు చేశాయి. లైనింగ్ అదిమి, గుండీలు నొక్కి, గడియ తీసి ఇచ్చేశాను. కొట్టంతా ఎప్పుడూ థిన్నరు కంపే కాబట్టి వాసనకి కూడా అనుమానించలేదు. హెల్మెట్‌ని ఒక్క క్షణం గుండెకి ఆనించుకుని, తలకి తగిలించుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి మేనల్లుడు వచ్చాడు. "నల్లది తీసుకెళ్లాడా? హమ్మయ్య! ఇవాళ వాడికి పెద్దరోడ్డు మీద డ్యూటీ, అన్నీ లారీలే. అది తల మీద ఉందంటే నాకు నిశ్చింత" అన్నాడు.

చెబితే వీడు నన్ను వదిలి పోతాడు. నాకు ఇంకెవరున్నారు? చెప్పకపోతే ఆ పిల్లాడి తల.

"ఒరేయ్, నేను విప్పి చూశానురా. థిన్నరుతో తుడిచాను."

వెంటనే ఆ కుర్రాడికి ఫోను మీద ఫోను చేశాడు. బండి నడిపేవాడు ఎత్తడు కదా. నా స్కూటరు తాళం లాక్కున్నాడు. నేను వెనకెక్కి కూర్చున్నాను, దిగమన్నా దిగలేదు.

దారిలో వాడు వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు. "మేమిద్దరం కలిసున్న ఫొటో గోడకి పెట్టుకోలేం అత్తా. లోపలి పనికి వచ్చేవాళ్లూ అంతే. అందుకే ఎవరికీ కనబడని చోట వేస్తున్నా. నర్సు గారిని మొన్న ఎవడో రోడ్డు మీద ఛీ అన్నాడట. టీచరు గారి బొమ్మ నెత్తి మీద ఉందని తల దించకుండా వెళ్లిందట ఆవిడ. తాయెత్తు అనుకో, ఇంకేమన్నా అనుకో. నువ్వు తుడిచేసింది అదే."

నేను ఏడ్చాను. ఎదురుగాలికి కన్నీళ్లు చెవుల్లోకి పోయాయి.

పెట్రోలు బంకులో దొరికాడు, నిక్షేపంలా! హెల్మెట్ తీయకుండానే వంగి టైరుకి గాలి పెట్టుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్లి రెండు చేతులా దాన్ని ఊడబెరికాను. "చెవులు ఊడొస్తాయి అత్తయ్యా!" అని నవ్వాడు. లైనింగ్ లాగి చూపించి, నా నోటితోనే చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఆ గుంటలో వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకెవరికి చెప్పారు?"

వాడడిగిన మొదటి మాట అది. తల పగిలేదని కాదు!

"ఎవరికీ చెప్పలేదు నాన్నా."

"పక్క కొట్టాయనకి?"

"ఆయనకి మత్తుమందని అనుమానం. అలాగే చావనీ."

కొరియరు కుర్రాడు మావాడి వైపు తిరిగి, "మీ అత్త దగ్గర భయం లేదన్నావు" అన్నాడు. అనుమానపు మనిషినని నన్ను బజారంతా ఆడిపోసుకుంటుంది, నాకు చీమ కుట్టినట్టుండదు. కానీ నన్ను చూసి ఒక పిల్లాడు ప్రాణభయంతో లెక్కలు వేసుకోవడం ఎప్పుడూ ఎరగను.

ఆ హెల్మెట్‌తో వాణ్ణి బండెక్కనివ్వలేదు. రెండు బళ్లూ నెట్టుకుంటూ ముగ్గురం కొట్టుకి వచ్చాం. సీటు కవర్లాయన మెడ సాచి, "ఏమన్నా దొరికిందా అమ్మా?" అన్నాడు.

"దొరికింది. నా బుర్రలో పురుగు. మీరు వెళ్లి మీ కుట్టు చూసుకోండి" అన్నాను.

కొట్టులో ఉన్నవాటన్నిటిలోకీ గట్టిది దించి, వాడి ముందే అట్టపెట్టె చింపి ఇచ్చాను. వాడు తలకి పెట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని లైనింగ్ గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. బొటనవేలితో థర్మాకోల్‌ని నడినెత్తి నుంచి కిందికి నొక్కుకుంటూ వెళ్లాడు, మధ్యమధ్య ఆగి నా మొహం చూస్తూ. ఇంకెవరైనా కొత్త సరుకుని అలా నొక్కి ఉంటే నా నోటికి బలయ్యేవాళ్లు.

మావాడికి మొహం చెల్లలేదు. "చాల్లేరా, కొత్తదే కదా" అన్నాడు.

"నువ్వూరుకో" అన్నాను. "చెవుల దగ్గర కూడా చూసుకో నాన్నా. అక్కడ సరిగ్గా నొక్కలేదు నువ్వు."