మెత్తటి చెయ్యి

కాలిన షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని యజమాని వీరవెంకటసత్యనారాయణ గారు చూడ్డానికి వచ్చినవాళ్లతో మాట్లాడారు.

"పిల్ల నిర్లక్ష్యమండి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. పోయినోళ్ల గురించి చెడు మాట్లాడకూడదనుకోండి."

మాట్లాడకూడదంటూనే మాట్లాడారు. ఆయన సంస్కారం అలాంటిది.

ఆ పిల్ల పేరు సాయిదుర్గ. నా కూతురు. నా గురించి ఇంతకు మించి చెప్పను. ఇది ఆత్రేయపురం ఆడవాళ్ల కథ.

ఆ షెడ్డు ముందు గదిలో ఆడవాళ్లు బోర్లించిన కుండల మీద పూతరేకులు తీస్తారు. వెనక గదిలో అట్టపెట్టెలు, నెయ్యి డబ్బాల మధ్య సాయిదుర్గ ఆన్‌లైన్ ఆర్డర్లు చూసేది. రోడ్డు మీది కొట్లో రామతులసి అదే పని చేసేది. ఇద్దరివీ ఒకే రకం ల్యాప్‌టాప్‌లు. ఈ మోడల్ బ్యాటరీలు అంటుకుంటున్నాయి, వాడకండి, ఉచితంగా మారుస్తాం అని తయారుచేసిన కంపెనీయే ప్రకటించింది. అది తెర మీదికి రాగానే సాయిదుర్గ యజమానికి చూపించింది.

"ఫ్రీ అన్నాడంటే ఏదో మెలిక ఉంటుందమ్మా. శ్రావణం పెళ్లిళ్లు అవనీ, అప్పుడు పంపుదాం," అన్నారాయన.

ఆ తర్వాత ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బింది. పట్టుకుంటే వేడి. సాయిదుర్గ మళ్లీ వెళ్లి చెప్పింది. ఆయన ముట్టుకోలేదు. పొయ్యి దగ్గరున్న మరిడమ్మను పిలిచి చూడమన్నారు. ముప్పై ఏళ్లుగా కుండ ముందు కూర్చున్న మనిషి. అరచెయ్యి ఆనించి నవ్వేసింది.

"ఇదేం వేడే అమ్మాయ్! మా కుండ ముందు ఇది మంచుగడ్డ."

అందరూ నవ్వారు. యజమాని అందరికంటే గట్టిగా నవ్వారు. రెండోనాడు మధ్యాహ్నం అది అంటుకుంది. తలుపుకు అడ్డంగా పెట్టెలు పేర్చి ఉన్నాయి. సాయిదుర్గ వెనక గదిలోనే ఉండిపోయింది; ముందు గది వరకు మంట రాలేదు.

ఇప్పుడు ఆయన కొట్లోని ల్యాప్‌టాప్‌ను షెడ్డుకు తెప్పించారు. దాని అడుగు కూడా ఉబ్బే ఉంది.

"ఆ రోజు మరిడమ్మే చూసి బావుందంది, అడగండి. రామతులసీ, కూర్చోమ్మా. ఆర్డర్లు ఆగిపోతున్నాయి."

మరిడమ్మ లేచింది.

"అన్నానండి. నా చెయ్యి మీ పొయ్యి దగ్గరే ఎప్పుడో చచ్చిపోయిందండి. దానికేం తెలుస్తుంది? మీ చెయ్యి మెత్తగానే ఉంది కదండీ, మీరెందుకు పెట్టి చూళ్లేదు?"

"ఉంగరాలు కాల్తాయని," అంది వెనక నుంచి పాపాయమ్మ.

"ఏంటే, నోళ్లు లేస్తున్నాయి?" అన్నారు యజమాని.

"ఊరుకోండర్రా," అంది పక్క పొయ్యి సంపూర్ణమ్మ. "శ్రావణం పోతే మనకి పనేది?"

"అయితే నీ కూతుర్ని కూర్చోబెట్టు అక్కడ," అంది మరిడమ్మ.

సంపూర్ణమ్మ ల్యాప్‌టాప్ వంక చూసింది. కూతురు రామతులసి వంక చూసింది. లోపలికి వెళ్లి తన పొయ్యిలో నీళ్లు పోసి వచ్చింది. తర్వాత మిగతా పొయ్యిలు ఒక్కొక్కటే చుయ్యిమన్నాయి.

"నేను కూర్చోనండి," అంది రామతులసి.

మరిడమ్మ ఇనప గమేళాలో ఇసుక పోసి, అందులో ల్యాప్‌టాప్ పెట్టి, తెచ్చి యజమాని కాళ్ల ముందు దించింది.

"బావుందన్నారుగా. ఒళ్లో పెట్టుకోండి. పాపాయమ్మ ఒక్క రేకు తీసేంతసేపు."

ఆయన లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. కుర్చీని దాటి ఇంకా వెనక్కి వెళ్లారు. అంత ప్రమాదమని ఆయనకు తెలుసు. నా కూతురు కూర్చున్నంత కాలమూ తెలుసు. ఆ సంగతి వాకిట్లో ఉన్నవాళ్లందరూ చూశారు.

ఆయన ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. నా కూతురు పోయినరోజు ఇంత త్వరగా రాలేదు.

"ఎవరు మొదలుపెట్టారు?" అన్నాడు ఎస్సై.

"సాయిదుర్గండి," అంది మరిడమ్మ. "బ్యాటరీ మార్చమని ముందు అడిగింది ఆ పిల్లేనండి. మేమూ అదే అడుగుతున్నాం. తప్పు ఎవరిదో స్టేషన్‌లో రాయించాలి కూడా."

"గమేళా జీపెక్కించు," అని ఎస్సై కానిస్టేబుల్‌కు చెప్పాడు. అతను వంగి, ఉబ్బిన అడుగు చూసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. గమేళా అక్కడే ఉండిపోయింది. మరిడమ్మను మాత్రం ఎక్కించారు.

పాపాయమ్మ ఎక్కింది. సంపూర్ణమ్మ ఎక్కింది. రామతులసి ఎక్కింది. జీపు చాలలేదు. మిగిలిన మేమందరం దాని వెనకే స్టేషన్‌కు నడిచాం. షెడ్డులో ఒక్క కుండ కూడా వెచ్చగా లేదు.