భార్య పేరు అనే గడి

"ఫారంలో ఇంకో గడి పెట్టు, 'భార్య పేరు' అని. పేరొక్కటి చాలు, మెయిల్ అక్కర్లేదు. ఆడవాళ్లకి మనం రాసేదేముంటుంది?" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. 'మీ శ్రీమతి ఫలానా గారికి పండగ శుభాకాంక్షలు' అని మొగుళ్లకి మెయిళ్లు పంపితే సంఘం ఎన్నికల ముందు తనకి మంచిపేరు వస్తుందట.

అతను ఆ నూట పన్నెండు ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి. ఉత్తరాలు రాసేది, చిరునామాలు సరిచూసేది, మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టేది ఆమె. నాలుగేళ్లుగా, ఒక కన్ను పొయ్యి మీద వేసి. కింద సంతకం మాత్రం అతనిది. "మావాడికి ఊపిరి సలపడం లేదు పాపం," అంటుంది అత్తగారు వచ్చినవాళ్లతో.

గడి పెట్టబోయి ఆగింది. పోయిన నెల ట్యాంకు కడగడానికి నీళ్లు ఆపుతున్నామని తనే రాసి అందరికీ పంపింది. జాబితాలో ఉన్నది మొగుళ్లే, అందరూ ఆఫీసుల్లో కూర్చుని చదువుకున్నారు. ఐదో అంతస్తు బాలింత మాత్రం సబ్బు నురగతో ఉన్న పసిబిడ్డని తువ్వాలులో చుట్టుకుని వచ్చి తలుపు తట్టింది. "మా ఆయనకి మెయిల్ వచ్చిందటక్కా. చెప్పడం మర్చిపోయారట." బిందెలో ఉన్న నాలుగు చెంబులూ ఆ బిడ్డకి పోస్తుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది. రాసింది ఆడది, తెలియాల్సింది ఆడదానికి, కబురు మాత్రం మొగుళ్ల దగ్గరే ఆగిపోయింది. పదమూడేళ్ల కాపురంలో తనూ అంతే కదా. బ్యాంకు కాగితాల్లో, ఆఫీసు కాగితాల్లో, ఎక్కడ చూసినా అతని వివరాల అడుగున ఒక గడి.

'భార్య పేరు' తీసేసింది. రెండు కొత్త గడులు పెట్టింది. 'మీ ఇంట్లో నీళ్లు రాకపోతే ముందు తెలియాల్సింది ఎవరికి?' 'వారి మెయిల్?' రెండూ తప్పనిసరి అని టిక్కు పెట్టింది. నింపకపోతే ఫారం కదలదు.

వారంలో తొంభై నాలుగు జవాబులు వచ్చాయి. మగవాళ్లు 'మా ఆవిడకి' అని, ఆవిడ పేరూ మెయిలూ రాసి పారేశారు. ఒకాయన 'అన్నీ ఆవిడకే పంపండి, నాకెందుకీ గోల' అని కూడా చేర్చాడు. ఆఫీసు నుంచి తన భర్తా నింపాడు, అడిగిందేమిటో సరిగ్గా చూడకుండానే. ఆమె ఒక్కొక్కరినీ మొగుడి వివరాల్లోంచి బయటికి తీసి, విడి మనిషిగా, సొంత పేరుతో జాబితాలో చేర్చింది. తనని తాను ఆఖర్న చేర్చుకుంది. తర్వాత ఆ ఆడవాళ్లందరికీ ఎన్నికలు జరిగే వార్షిక సమావేశం పిలుపు పంపుతూ, నిబంధనల్లో ఇంటికో ఓటని ఉందనీ, అది మగవాడిదేనని ఎక్కడా లేదనీ రాసింది.

ఆదివారం హాల్లో కుర్చీలు చాలలేదు. వీళ్లందరినీ ఎవరు పిలిచారని భర్త పళ్లబిగువున అడిగాడు.

"నేనే," అంది.

కార్యదర్శి పదవికి ఇంకెవరైనా ఉన్నారా అని అధ్యక్షుడు మాటవరసకి అడిగాడు. ఆమె లేచి నిలబడింది.

"టీకి ఇంకా టైముందమ్మా, కూర్చోండి," అన్నాడాయన నవ్వుతూ.

"టీకి కాదండీ," అంది ఆమె. "పోటీకి."