పోయినేటి తీర్పు

మిరప కోతలప్పుడు కూలీలకు వండిపెట్టాలని అత్త అడిగితే ప్రమీలారాణి ఆ ఏడు ఆసుపత్రిలో సెలవు పెట్టింది. మరుసటి ఏడు ఎవరూ అడగలేదు. గంగాళం తెచ్చి పొయ్యి పక్కన పెట్టారు. ఆ పై ఏడు జ్వరంతో పడుకుంటే అత్త రాఘవమ్మ గుమ్మంలో నిలబడి, "పోయినేడు వండలేదా? ఈ ఏడు కొత్తగా ఏమొచ్చింది?" అంది. కొన్నాళ్లకు భర్త వెంకటనారాయణ నర్సు ఉద్యోగమే మానెయ్యమన్నాడు. ఉద్యోగం మాన్పించబోమని పెళ్లిమాటలప్పుడు మామ పదిమందిలో చెప్పిన సంగతి ఆమె గుర్తుచేసింది. అది అప్పటి మాట, ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నదే పద్ధతి అన్నాడు. ఆమె అత్తగారి ఊరు కల్లూరు వదిలి మణుగూరుకు బదిలీ చేయించుకుంది. భార్యను కాపురానికి పంపాలని అతను దావా వేశాడు.

విడాకులు అడుగుదామంటే ఖమ్మం వకీలు బసవపున్నయ్య కారణం చాలదన్నాడు. భర్త కొట్టలేదు, ఇంకొకరిని తెచ్చుకోలేదు. వంట చెయ్యమనడం కోర్టులో నిలవదు. అయినా భయం లేదన్నాడు. ఇష్టంలేని మనిషిని కాపురానికి పొమ్మనడం రాజ్యాంగంలోని వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమని పోయినేడు హైకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసిందట. ఈ ఏడు ఆయనే కళ్లద్దాలు తుడుచుకుంటూ, అదే చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నదని చెప్పాడు.

"రాజ్యాంగంల ఆ మాట తీసేసిండ్రా సార్?"

"మాట అట్లనే ఉందమ్మా. పైకోర్టు ఏ అర్థం చెప్తే కింద అదే."

"మరి రాసినోళ్లు ఏమనుకొని రాసిండ్రు?"

"నీలాంటి కేసు వాళ్ల మనసుల ఉందో లేదో నేను చెప్పలేను."

ప్రమీలారాణికి ఏదీ తెగలేదు. ఇంట్లో ఆమె మొదటి మాటను పట్టుకుంది, తర్వాత నడిచిన పద్ధతిని కాదంది. కోర్టులో ఆమెను కాపాడింది, రాసినవాళ్ల తర్వాత హైకోర్టు చెప్పిన అర్థం. రాసినవాళ్లు తనలాంటి దాన్ని తలచుకోనే లేదేమో. మామ మాట ఇచ్చినప్పుడు కూడా అంతేనేమో. ఒకచోట మొదటి మాట కావాలని, ఇంకోచోట వద్దని తనే అంటున్నదా?

వకీలు ఊరడించాడు. తీర్పు వచ్చినా ఎవరూ చెయ్యి పట్టి లాక్కుపోరు. మహా అయితే ఆస్తి జప్తు అడుగుతారు. తీర్పు వచ్చాక ఏడాది దాకా కలిసి ఉండకపోతే, ఇక వేరే కారణం చూపకుండానే ఎవరైనా విడాకులు అడగొచ్చు. అంతదాకా ఎందుకు, రాజీపడి కాపురానికి పొమ్మన్నాడు.

"ఎవరైనా అంటే, నేను గూడానా?"

"అవ్, నువ్వు గూడా."

ఏ కోర్టు చెప్పింది సరైనదో ఆమెకు ఇంకా తేలలేదు. లేచి చెప్పులు వేసుకుంది.

"అయితే ఓడిపోదాం సార్" అంది.