ఖాళీ కాలం, కారణం

కుక్కర్ రెండో కూతకూ మూడో కూతకూ మధ్య ఆమె ఒకరికి ఉద్యోగం ఖాయం చెయ్యగలదు. ఆ ఉదయం కూడా అదే పనిలో ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బెండకాయలు తరుగుతూ, అవతల గొంతు వణుకుతున్న ప్రోగ్రామరుకు ధైర్యం చెబుతోంది. "పాత ఆఫీసును మాత్రం తిట్టకండి. వాళ్లు అడిగినా తిట్టకండి." మూడో కూత వచ్చింది. "అక్కడేదో మోగుతోంది మేడమ్" అన్నాడతను. "ఆఫీసు బెల్లండీ" అంది, మంట తగ్గిస్తూ.

ఆఫీసంటే ముందుగది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే ఆ సంస్థలో బావగారు చైర్మన్, భర్త డైరెక్టర్. విజిటింగ్ కార్డుల మీద అలాగే అచ్చయింది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని పెద్దలు ఊరికే అడగలేదు. ఇక్కడ మోసేది ఆమె. ఆమెకు కార్డూ లేదు, తిరిగే కుర్చీ కూడా లేదు. వంటింటి గట్టు చివర ఒక లాప్‌టాప్, దానిమీద నీళ్లు చిందకుండా పాత తువ్వాలు, అంతే. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, రెండు ఫోన్లు చేసిపెట్టు" అని భర్త అన్నది మూడేళ్ల కిందట. ఆ రెండు ఫోన్లు రోజుకు నలభై అయ్యాయి. ఆమె మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది, కనీసం ఇంట్లోవాళ్ల లెక్కలో.

పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్లు ఆమె టెస్టరుగా పనిచేసింది. ప్రోగ్రాములు బయటికి వెళ్లేలోపు వాటిలో తప్పులు పట్టుకునే ఉద్యోగం. పాప పుట్టాక మానేసింది. మానేసింది అనడం కంటే, ఎవరో ఒకరు మానాలి అన్నప్పుడు గదిలో అందరూ ఆమె వైపే చూశారు అనడం సబబు. అది జరిగి అయిదేళ్లు.

వచ్చిన ప్రతి దరఖాస్తుకూ సంస్థవాళ్ల ఫారం ఒకటి నింపాలి. అందులో ఒక గడి పేరు "ఖాళీ కాలం, కారణం". ఉద్యోగం లేని కాలం రెండేళ్లు దాటితే 'పక్కన' అనే ఫోల్డరులో పడెయ్యమని డైరెక్టరుగారి ఆజ్ఞ. మగవాళ్ల ఫారాల్లో ఆ గడి ఎప్పుడో గాని నిండదు. ఆడవాళ్లవి నిండి పొర్లుతుంటాయి: కాన్పు, మామగారి పక్షవాతం, భర్తకు బదిలీ, మళ్లీ కాన్పు. "ఆ కాలంలో ఏం చేశారండీ?" అని ఆమే అడగాలి. "ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉన్నాను" అంటారు వాళ్లు, వెనకాల పిల్ల ఏడుస్తుంటే, ఎవరో మంచినీళ్లు అడుగుతుంటే. అలా నలభై ముగ్గురు. వాళ్లను పక్కన పెట్టింది ఎవరో కాదు, తన చేతులే. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు సిగ్గేసేది. అవతల ఒక కంపెనీ మేడమ్ ఎనిమిదిమంది టెస్టర్లు కావాలని రెండు నెలలుగా మొత్తుకుంటోంది. మనుషులు దొరకట్లేదని ముందుగదిలో అన్నదమ్ములు తలలు పట్టుకుంటున్నారు.

పదకొండింటికి బోర్డు రాసేవాడు వచ్చాడు. గోడకు టేపు పెట్టి కొలిచాడు. "పేరు కింద ఒక్క లైను పడుతుంది సార్. బస్సులో పోయేవాడు కూడా చదివేట్టుండాలి. ఏం రాయమంటారు?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "మీ కలలకు రెక్కలు."

"అది నిన్ననే ట్యూషన్ సెంటరుకి రాశా సార్."

"విజయానికి వారధి" అన్నాడు భర్త.

"సిమెంటు కొట్టు వాళ్లది."

"నమ్మకమే మా చిరునామా!" బావగారు మళ్లీ అందుకున్నారు.

"ఆ చిరునామా ఇప్పటికి మూడు కొట్లు మారింది సార్" అన్నాడు బోర్డువాడు, నవ్వకుండా.

అప్పుడే ఆమె టీ పళ్లెంతో వచ్చింది. బల్లంతా చైర్మన్‌గారు కొట్టేసిన వాక్యాల కాగితాలే. "ఖాళీ ఎక్కడుందమ్మా ఇక్కడ? అక్కడే పట్టుకుని నిలబడు, తీసుకుంటాం" అన్నారాయన. ఆమె మోచేత్తో కాగితాలు జరిపి పళ్లెం పెట్టేసింది. "ఖాళీ ఎక్కడుందో మాకు తెలుసులెండి బావగారూ."

బోర్డువాడి పెన్సిలు ఆగింది. "సార్! ఖాళీ ఎక్కడుందో మాకు తెలుసు. ఉద్యోగాల కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి?"

బావగారు ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకున్నారు. "ఒరేయ్, నేనూ అదే అనబోతున్నాన్రా! నాలుక చివరిదాకా వచ్చింది."

"అన్నయ్య బుర్రే బుర్ర!" అన్నాడు భర్త.

"అమ్మగారు కదండీ అన్నది?" బోర్డువాడు అమాయకంగా అడిగాడు.

"ఇంట్లో ఎవరంటే ఏంటి నాయనా, అందరిదీ ఒకటే నోరు" అంది అత్తగారు లోపలి నుంచి. భర్త కప్పు అందుకుంటూ నవ్వాడు. "ఖాళీగా ఉండేవాళ్లకి ఇలాంటివి బాగానే తడతాయిలే."

సొమ్మొకరిది, సోకొకరిది. అది ఆమెకు కొత్త కాదు. కప్పులు కడుగుతుంటే ఆ చివరి మాటే మళ్లీ మళ్లీ గుచ్చుకుంది. ముందుగదిలో ఖాళీ అన్న మాటకు ఎంత మర్యాద! ఎనిమిది ఖాళీలున్నాయని కంపెనీ మేడమ్ ఫోను చేస్తే ఇద్దరు మగవాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడి మాట్లాడతారు. అదే మాట గడప దాటి వంటింట్లోకి వచ్చేసరికి పరువు పోతుంది. కుర్చీ ఖాళీగా ఉంటే దాన్ని నింపడానికి ఊరంతా వెతుకుతారు, ఆడది ఖాళీగా ఉందంటే చేతికి ఇంకో పని తగిలిస్తారు. అయినా తను ఎప్పుడు ఖాళీగా ఉంది? గుర్తుచేసుకోవాలని నిజంగానే ప్రయత్నించింది. అయిదేళ్లలో ఒక్క మధ్యాహ్నం, జ్వరంతో పడుకున్నది. ఆ రోజు కూడా మంచం మీదే తొమ్మిది ఫోన్లు చేసింది. ఆమెకు కోపం వచ్చింది. ఏడుపుగా మారే కోపం కాదు, చేతులు తుడుచుకుని పనిలోకి దిగే కోపం.

లాప్‌టాప్ మీది తువ్వాలు తీసి కొత్త ఫారం తెరిచింది. పేరు రాసింది. అనుభవం: ఆరేళ్లు టెస్టింగ్, మూడేళ్లు ఈ సంస్థలో నూటికి పైగా మనుషుల్ని ఉద్యోగాల్లో కుదర్చడం. ఆ గడి దగ్గర వేళ్లు ఆగాయి. 'పాప' అని కొట్టి చెరిపేసింది. తన పిల్లను కారణాల గడిలో పెట్టబుద్ధి కాలేదు. మళ్లీ కొట్టింది.

ఖాళీ కాలం: లేదు. కారణం: తీరిక దొరకలేదు.

తర్వాత 'పక్కన' ఫోల్డరు తెరిచింది. నలభై ముగ్గురిలో టెస్టర్లు ఏడుగురు. ఒక్కొక్కరికీ ఫోను చేసి అడిగింది. "నాకు నాలుగేళ్లు ఖాళీ ఉంది కదా మేడమ్, వద్దన్నారుగా?" అంది ఒకావిడ భయంభయంగా. "వద్దన్నది నేనే. తప్పు నాదే, క్షమించండి. ఇప్పుడు పంపమంటారా?" అంది ఆమె. ఏడుగురూ పంపమన్నారు. ఎనిమిదో ఫారం తనది. పప్పు ఉడికేలోపు ఎనిమిదీ కంపెనీ మేడమ్‌కి వెళ్లిపోయాయి.

నాలుగు రోజులకు ఆ మేడమే ఆమెతో ఫోనులో ఇంటర్వ్యూ మొదలుపెట్టింది. మూడో ప్రశ్న నడుమ కూత వినబడి, ఏమిటా చప్పుడని అడిగింది. "కుక్కరండీ" అంది ఆమె. అవతల చిన్న నవ్వు. "దించుకుని రండి, నేను ఆగుతాను." ఇంతకాలం తన కోసం ఒక ఫోను ఆగడం ఆమె ఎరగదు.

బోర్డు గోడకెక్కిన రోజు ఇంట్లో అందరూ వీధిలో నిలబడి తలలెత్తి చూస్తున్నారు. భర్త ఫోను మోగింది. మాట్లాడి, అయోమయంగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఎనిమిది మందిలో ఆరుగుర్ని తీసుకుంటారట. అందులో నీ పేరుందేంటి? పొరపాటున గాని వెళ్లిందా?"

"పొరపాట్లు పట్టుకోవడమే నా ఉద్యోగమండీ. తెలిసే పంపాను. సోమవారం నుంచి రమ్మని నాకు నిన్ననే చెప్పారు."

"రెండేళ్లు దాటినవాళ్లని పంపొద్దని చెప్పాం కదమ్మా!" బావగారి మొహం ఎర్రబడింది.

"మీరు చెప్పారు బావగారూ. వాళ్లు తీసుకున్నారు."

"మరి పాప?" అంది అత్తగారు.

"పాపకి వాళ్ల నాన్న ఉన్నారు కదా అత్తయ్యా. ఆయన ఆఫీసు ఇంట్లోనే."

నిచ్చెన మీద బోర్డువాడు మేకు కొట్టడం ఆపి వింటున్నాడు. భర్త గొంతు తగ్గించాడు. "అది కాదే. రోజుకి నలభై ఫోన్లు ఎవరు చేస్తారు? నీ చోట్లో ఎవర్ని పెట్టుకోమంటావ్?"

నీ చోటు! మూడేళ్లలో ఆ మాట మొదటిసారి అతని నోట వచ్చింది. ఆమె వస్తూ చేతిలో తెచ్చిన లాప్‌టాప్ తువ్వాలు మడిచి అతని భుజం మీద వేసింది. తలెత్తి బోర్డును ఒకసారి చదువుకుని, నవ్వింది.

"ఖాళీ ఎక్కడుందో మీకు తెలుసు."