సత్యనారాయణ గారి దగ్గు

కువైట్‌లో విమానాలు నడిపే తెలుగువాళ్ళలో వెంకటసత్యనారాయణ గారి దగ్గు ఎరగనివాళ్ళు లేరు. కోనసీమ మనిషి, పాఠం చెప్పడంలో అందె వేసిన చెయ్యి. శిష్యుడు తప్పు లివర్ మీద చెయ్యి వేస్తే చాలు, వెనక సీట్లోంచి ఖళ్ళున దగ్గేవారు. వాడు గతుక్కుమని చెయ్యి తీసేసేవాడు. అలా ఎందరో గట్టెక్కారు.

ఇవాళ మాత్రం ఆయన గురువు కాదు, పరీక్షకుడు. నేలమీదే ఉండి ఎగిరినట్టు చేసే సిమ్యులేటర్‌లో, ముందు సీట్లో ఒకప్పటి శిష్యురాలు విజయదుర్గ. వెనక కడప మనిషి అల్లాబకష్, పెద్ద పరీక్షకుడు. ఆమెకు కెప్టెన్ హోదా, సత్యనారాయణ గారికి పరీక్షలు పెట్టే అనుమతి, రెండూ ఈ పూటే తేలాలి. "ఒక్క మాట అందించినావంటే ఖలాస్" అని అల్లాబకష్ ఆయనకు ముందే చెప్పేశాడు.

తెరమీద కువైట్ నగరంలోని షర్క్ పేట మేడలు కిందికి జారాయి. సత్యనారాయణ గారు బటన్ నొక్కి కుడి ఇంజిన్‌కు నిప్పు పెట్టారు. గంట మోగింది. విజయదుర్గ విమానాన్ని నిలకడగా పట్టింది. ఆపైన ఇంజిన్ ఆపడానికి ఆమె చెయ్యి ఎడమ లివర్ మీద పడింది. "ఎడమది, సరేనా?" అంది. పక్కనున్న కోపైలట్ అస్లాం కంగారులో సరే అనేశాడు.

ఆమె లాగలేదు. ఆగింది. ఎందుకాగిందో ఆయనకు ఇట్టే అర్థమైంది. పిల్ల మీటర్లు చూడటంలేదు, దగ్గు కోసం చెవులు రిక్కించింది. ఆయనకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. రేపు నిండు విమానంతో, ఎడారి దుమ్ములో ఇలాగే ఆగితే దగ్గేదెవడు? గొంతు గరగరలాడుతున్నా పళ్ళు బిగబట్టి కూర్చున్నారు.

ఎంతకీ దగ్గు రాలేదు. విజయదుర్గ మీటర్ల వంక చూసింది, ఒకటికి రెండుసార్లు. "కాదు, కుడిది. నువ్వూ చూసి చెప్పు అస్లాం" అంది. అతను ఈసారి చూసే చెప్పాడు. మంట ఆర్పి, ఒంటి ఇంజిన్‌తో విమానాన్ని నిమ్మళంగా దించింది.

"కెప్టెన్‌వయ్యావమ్మా" అన్నారాయన. "కానీ నీకు ముందు చెయ్యెళ్తోంది, తర్వాత కళ్ళెళ్తున్నాయి. అది నా చలవే. మార్చుకో."

బయట టీ తాగుతూ అల్లాబకష్ అడిగాడు. "ఆ పాప నీకు బిడ్డ మాదిరి కదప్పా. తప్పు ఇంజినే ఆపేసుంటే ఏం జేసుందువు?"

"ఫెయిల్ చేసేద్దునండి. ఇంటికెళ్తే నాకు ముద్ద దిగేది కాదండి. అయినా ఫెయిలేనండి."

అల్లాబకష్ కప్పు కింద పెట్టి, ఆయన అనుమతి కాగితం మీద సంతకానికి జేబులోంచి పెన్ను తీశాడు.