గీత దాటిన ఎరుపు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో హిసాయే ఇంట్లో పనికి కుదిరినప్పటి నుంచీ చాముండేశ్వరికి ఒకటే గొప్ప: తనది పెడన, పుట్టిందే కలంకారీ అచ్చుల మధ్య. చెక్క అచ్చుల సంగతి తనకు ఇంకెవరూ నేర్పక్కర్లేదనుకునేది. ఆ గొప్పే కొంప ముంచింది.

హిసాయే జపాన్ నుంచి వచ్చిన ముసలి చిత్రకారిణి. చెక్క అచ్చులతో కాగితం మీద బొమ్మలు వేస్తుంది. కళ్ళు పోతున్నాయి, చూపు నడుమంతా మసక, పక్కల్లో మాత్రం కాస్త ఆనుతుంది. చిట్టచివరి బొమ్మ ఒకటి మొదలుపెట్టింది: మంచు పట్టిన వంతెన, దాని మీద ఎర్ర కోటు వేసుకుని, ఈ ఊరికి కొత్తగా వచ్చిన నాటి తను. నల్ల గీతల అచ్చు వేయడం అయిపోయింది. ఇక రంగులే.

ఇద్దరి మాటలూ వచ్చీరాని ఇంగ్లీషులోనే. ‘ఆంటీ’ అన్న పిలుపొక్కటే చాముండేశ్వరి సొంతం.

"ఒకప్పుడు మాకు నలుపొక్కటే," అని చెప్పిందోసారి హిసాయే. "రంగు కావాలంటే కుంచెతో పూసుకోవడమే. ఎవరో మహానుభావుడు చెక్క అంచున ఈ రెండు గాట్లు పెట్టాడు. కాగితం ఇందులో ఆనితే ప్రతి రంగూ దాని చోట్లోనే పడుతుంది."

ఆ మధ్యాహ్నం కంటికి ఇంజెక్షన్ వేయించుకోవడానికి వెళ్తూ, "కాగితాలు చూసుకో," అంది. చాముండేశ్వరి కాగితాల మీద కప్పిన ప్లాస్టిక్ షీటు ఎత్తి చూస్తే దొంతరంతా చెమ్మ. పెడనలో ఒక రంగు ఎండాకే ఇంకో రంగు. తడి గుడ్డ మడతలో వదిలేస్తే సరుకు పోయినట్టే. పాపం, చూపు లేక మర్చిపోయింది కాబోలు అనుకుంది. అన్నిటినీ హీటర్ గాలికి ఆరబెట్టి, మళ్ళీ దొంతర పేర్చి, మురిసిపోయింది కూడా.

హిసాయే వచ్చి దొంతర మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎండబెట్టావా?"

"అవునాంటీ. బూజు పడుతుందని..."

"రంగులన్నీ అయ్యేదాకా తడిగానే ఉండాలి. ఎండితే కాగితం ముడుచుకుంటుంది, రంగు గీతలో పడదు." కేకలేసినా బాగుండేది; మెల్లగా అంది. "ఈ కాగితం మళ్ళీ జపాన్ నుంచి రావాలి. వచ్చేసరికి నాకు ఎరుపేదో నలుపేదో తెలియదు."

చాముండేశ్వరి పరుగున వెళ్ళి గిన్నెతో నీళ్ళు తెచ్చింది. "మళ్ళీ తడిపి చూద్దామాంటీ, ప్లీజ్."

తడిపారు. హిసాయే చెక్కకు ఎరుపు పూసి, కాగితాన్ని తడుముకుంటూ గాట్లలో ఆనించి, వెదురు పొర చుట్టిన బిళ్ళతో వెనక రుద్ది, ఎత్తింది.

"గీతలో పడిందా?"

ఎరుపు కోటు దాటి వంతెన కమ్మీ మీదికి పోయింది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది గానీ, ఆ ముఖంలోకి చూస్తూ చెప్పలేకపోయింది.

"లేదాంటీ."

"ఇంకోటి ఇవ్వు."

ఇచ్చింది. లేదు. ఇంకోటి. లేదు. ఆ ఒక్క మాటా చెప్పడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. దొంతర కరిగిపోతూనే ఉంది.

చివరి కాగితానికి హిసాయే గీత సంగతి అడగలేదు. కిటికీ వెలుతురులో పట్టుకుని, తల పక్కకు తిప్పి, కంటి కొసతో చాలాసేపు చూసింది.

"ఎరుపు బాగా వచ్చిందా?"

"చాలా బాగా వచ్చిందాంటీ," అంది చాముండేశ్వరి ఏడుస్తూ. అది మాత్రం నిజమే.