రెండొందల పన్నెండో పేజీ

కోర్విన్ టీగ్ మీద ఓరిన్ స్ట్రోబెల్‌కు ఉన్న కసి అంతా ఇంతా కాదు. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి. ఓరిన్ ఎనిమిదో తరగతితో చదువాపి ట్రాక్టర్ ఎక్కాడు. కోర్విన్ న్యూయార్క్ వెళ్లి నవలలు రాశాడు. వాటిలో ఒకదాన్ని సగం దేశం నెత్తిన పెట్టుకుంది, సగం దేశం బూతని తిట్టి బడుల్లోంచి తీసేయించింది. ఆ నవలలో ఒక కుంటి రైతు, పొలం కోసం కన్నతండ్రిని మంచుతుఫానులోకి నెట్టి తలుపు గడియ పెడతాడు.

ఓరిన్‌కు చిన్నప్పటినుంచీ కుంటికాలు. ఓరిన్ తండ్రి పోయింది మంచుతుఫానులోనే. ఊరికి ఇంకేం కావాలి?

ఊరి గ్రంథాలయంలో ఆ పుస్తకాన్ని కౌంటరు కింద దాచేవారు. అడిగినవాళ్ల చేతిలో పెడితే తనంతట తనే రెండొందల పన్నెండో పేజీ దగ్గర విచ్చుకునేది. అందరూ నిలబడి, తండ్రిని నెట్టేసే ఆ ఒక్క పేజీ చదివి, బుగ్గలు నొక్కుకుని, తిరిగి ఇచ్చేసేవారు. ఓరిన్ అదీ చదవలేదు. కాఫీ కొట్లో విన్నదే చాలింది.

"తలుపేసి రారా ఓరిన్, చలి కొడుతోంది. ఆ పని నీకు బాగా వచ్చుగా!" అనేవాడు కొట్టు నడిపే గస్.

ఆ నవ్వులు మింగాడు. మింగుడుపడనిది అక్క వెల్డా మౌనం. తండ్రి పోయినప్పుడు ఆమె ఒమాహా నగరంలో ఉంది. పుస్తకం వచ్చిన దగ్గర్నుంచి తమ్ముడి గడప తొక్కలేదు. చర్చిలోనూ అవతలి వరసలోనే కూర్చునేది.

ఈ మార్చిలో వెల్డా తుంటి ఆపరేషనై మంచాన పడింది. టీవీ చూసి చూసి విసుగెత్తి ఆ పుస్తకం తెప్పించుకుంది. పొద్దుపోక మొదటి పేజీ నుంచి చదివింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేతికర్ర ఊతంతో తమ్ముడి వంటింట్లోకి వచ్చింది. చంకలో పుస్తకం.

"ఒరేయ్, ఇది చదివావా?"

"నన్ను తిట్టిన తిట్లు నేనే కూర్చుని చదువుకోవాలా?"

"ఊళ్లో ఒక్కడూ చదవలేదురా! ఆ పేజీలో ఉన్నది మంగలి కొట్లో ఓ వాగుడుకాయ పుట్టించిన పుకారు. ఊరు దాన్నే నమ్ముతుంది. కథంతా అదే. అసలు సంగతి చివర్లో తెలుస్తుంది. ముసలాయన దూడల్ని చూడబోయి తుఫానులో పడిపోతే, ఆ కుంటికాలితోనే కొడుకే ఆయన్ని వీపున వేసుకుని పక్కింటిదాకా మోస్తాడు. ఆ గుమ్మంలో ఆయన ప్రాణం పోతుంది."

ఓరిన్ అక్కకు కుర్చీ లాగాడు. "ఆ గుమ్మం కోర్విన్ వాళ్లదే. వాడు కిటికీలోంచి చూశాడు. నీకు అప్పుడే చెప్పానుగా అక్కా."

"చెప్పావు. శవాన్ని మోసి నాటకమాడావనుకున్నా." వెల్డా కళ్లు తుడుచుకుంది. "బుద్ధిలేనిదాన్ని. ఓ దెబ్బ వెయ్యరా."

"ఎందుకులే, తుంటి ఇప్పుడిప్పుడే అతుక్కుంటోంది."

ఇద్దరూ నవ్వారు. ఓరిన్ కాఫీ పెట్టాడు. అక్క తన వంటింట్లో కూర్చుని చక్కెర చాలలేదని సణుగుతుంటే, గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయింది. ఇక గస్ ఏమన్నా అననీ.

"అవునూ, నాన్న పొలమెందుకు అమ్మావురా?" అంది వెల్డా.

"పొలం కోసమే చంపానన్నారుగా. అది నా పేరున ఉన్నంతకాలం ఎవరు నమ్ముతారు?"

నిజం చివరి పేజీల్లో దాచకుండా కోర్విన్ గాడు ముందే రాసి ఉంటే, అయినకాడికి పరాయివాడికి తెగనమ్మిన ఆ వాగు పక్క నల్లరేగడి నూట అరవై ఎకరాలూ దక్కేవి.